నాలుగు వేళ్ళ వదులు

మా అత్తయ్య కారుకు బోషాణం అని పేరు పెట్టింది వాళ్ళ అక్క. మొదటిసారి ఎక్కి తలుపు వేసుకున్నప్పుడు అయిన చప్పుడు విని, "ఇది కారేమిటే, బోషాణం!" అందట. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ అది బోషాణమే. మామగారు ఉన్నన్నాళ్ళూ ఆయనే తోలేవారు. ఆయన పోయాక ఇక దాన్ని అమ్మేస్తారని చుట్టాలంతా అనుకుంటున్న రోజుల్లో, అత్తయ్య ఒక పొద్దున తాళంచెవి తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, "ఏదో కొండ మోస్తున్నట్టు మొహం పెట్టేవారు గానీ, ఇందులో ఏముందీ" అంది. తర్వాత నాకూ అందులోనే నేర్పింది.

ప్రతి గురువారం ఆమె బోషాణంలో వంతెన దాటి వాళ్ళక్క ఇంటికి వెళ్ళేది. నేను పెద్దత్తయ్య అని పిలిచే ఆవిడకు మోకాళ్ళు వంగవు. ఇప్పటి కార్లన్నీ నేలకు కరుచుకుని ఉంటాయి. ఒకసారి టాక్సీ ఎక్కితే, దింపడానికి డ్రైవరూ వాచ్‌మనూ కలిసి, పాతరలోంచి బస్తా తీసినట్టు తీశారు. "ఇంకోసారి ఆ డబ్బాలో ఎక్కమంటే గడప దాటను" అని ఒట్టు పెట్టుకుంది. బోషాణం సీటు కుర్చీ అంత ఎత్తుంటుంది, తలుపు బార్లా తెరుచుకుంటుంది. పెద్దత్తయ్య వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు రెండూ లోపలికి తిప్పుకుంటే చాలు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఏటి ఒడ్డు రోడ్డు వెంట అలా తిరిగి, ఐస్‌క్రీం తిని, వచ్చేవాళ్ళు. వారం మొత్తంలో పెద్దత్తయ్య బయటి గాలి పీల్చేది ఆ ఒక్క పూటే.

గొడవ మొదలైంది మా ఆయనతో. ఆయనది బీమా కంపెనీలో ప్రమాదాల ఫైళ్ళు చూసే ఉద్యోగం. తన కారు సర్వీసుకిచ్చిన రోజున వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఆఫీసుకు బయల్దేరాడు. రోడ్డు నేరుగానే ఉంది. అత్తయ్య చేతులు మాత్రం స్టీరింగును చంటిపిల్ల ఉయ్యాలలా ఇటూ అటూ ఊపుతూనే ఉన్నాయి. మా ఆయన కారు ఆపించి, తనే స్టీరింగు పట్టుకుని చూశాడు. నాలుగు వేళ్ళ మేర తిప్పినా ముందు టైర్లు కదల్లేదు.

ఆఫీసు మానేసి ఇంటికొచ్చేశారిద్దరూ. గేటు బయట నుంచే గొంతులు వినిపించాయి.

"అమ్మా, అది స్టీరింగా, గాలిపటం దారమా? తిప్పితే తిరగదేం?"

"నీకు తోలడం రాకపోతే దాన్నంటావేంరా? ముందు వదులంతా లాక్కోవాలి. ఆ తర్వాత తిప్పాలి. నీ పెళ్ళానికీ అలాగే నేర్పాను. ఎంత చక్కగా తోలుతుందో చూడు."

"ఇన్నాళ్ళూ ఏమీ కాలేదంటే అది మన అదృష్టం."

"అదృష్టమేమిట్రా, చేతులరిగిపోయేలా తోల్తుంటే!"

"మా ఆఫీసులో ప్రతి ఫైలూ 'ఇన్నాళ్ళూ ఏమీ కాలేదండీ' అన్న మాటతోనే మొదలవుతుందమ్మా" అన్నాడాయన. ఆ మాట అరుస్తూ అనలేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. స్టీరింగు బాగుచేయించాలి. చేయించాక ఒక గురువారం తను పక్కన కూర్చుంటాడు. అత్తయ్య వాళ్ళక్క ఇంటికి వెళ్ళి, ఏ ఇబ్బందీ లేకుండా తిరిగి రావాలి. వస్తే ఇక జన్మలో ఆ ఊసెత్తడు. రాకపోతే, ఆఫీసులో పాత కార్ల పిచ్చి ఉన్నాయన ఒకరున్నారు, బోషాణం ఆయనకు అమ్మేయాలి.

"మాట మీద నిలబడతావుగా?" అంది అత్తయ్య.

"నువ్వూ నిలబడాలి" అన్నాడు కొడుకు.

ముందు మా ఆయన కారు చూసే మెకానిక్కే వచ్చాడు. స్టీరింగు బాక్సు మీద ఒక స్క్రూ ఉంటుందట, దాన్ని కాస్త బిగించి "అయిపోయిందండీ" అని చేతులు తుడుచుకున్నాడు. నిజమే, ఊపితే వదులు లేదు. అయితే వీధి మలుపు తిరిగాక స్టీరింగు వెనక్కి రాలేదు. అత్తయ్య బావిలోంచి నిండు చేద లాగినట్టు రెండు చేతులతో లాగి నేరుగా తెచ్చింది. ఇంటికొచ్చి భుజాలకు వేడినీళ్ళ కాపడం పెట్టించుకుంది. ఆ స్క్రూ మళ్ళీ వదులు చేయించి, పాత కార్లు మాత్రమే చూసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాం.

మేస్త్రీ షెడ్డు రైలు పట్టాల వెనకాల ఉంది. లోపల ఇంజన్లు లేని కార్లు, కార్లు లేని ఇంజన్లు. మనిషి మాత్రం మాటల పుట్ట. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, టార్చిలైటు పట్టుకుని కిందికి దూరాడు.

"అక్కా, ఇటు తిప్పండి. ఆఁ. ఇప్పుడు అటు. మెల్లగా... ఓరి నాయనో!"

"ఏమైంది?" అన్నాను హడలిపోయి.

"ఏం కాలేదక్కా. మీరు ఊపుతుంటే ఇక్కడ ఒక్కో కీలు ఒక్కోసారి ఒళ్ళు విరుచుకుంటోంది. చివరికి టైరుకు కబురందేసరికి తెల్లారేలా ఉంది."

తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమంది. పక్కల పట్టుకుని ఊపాడు. అటూ అంతే. లేచి, అత్తయ్య ముందు నిలబడి, "అమ్మగారూ, మీ బండిలో అరగని ముక్క హారనొక్కటే" అన్నాడు.

"దాన్ని ముట్టుకుంటేగా అరగడానికి" అంది అత్తయ్య, అదేదో బహుమతి ఇచ్చినట్టు.

స్క్రూ సంగతి చెప్తే మేస్త్రీ నవ్వాడు. "అరిగింది మధ్యలోనండీ. బండి నేరుగా పోయేటప్పుడు రాసుకునే చోటు ఎక్కువ అరుగుతుంది. మలుపుల్లో పనిచేసే అంచులు ఇంకా కొత్తగానే ఉంటాయి. మధ్యకు సరిపోయేలా బిగిస్తే అంచుల దగ్గర పట్టేస్తుంది."

నేను ఇంట్లో బట్టలు కుడతాను. "నడుం దగ్గర వదులుందని గౌను మొత్తం కుదించేస్తే భుజాలు పట్టేసినట్టు" అన్నాను.

"అదేనక్కా!"

"సంసారంలో కూడా అంతే" అంది అత్తయ్య.

"సంసారం గురించి మా ఆవిడతో మాట్లాడండమ్మగారూ. నాకు బాక్సు గురించి మాత్రమే తెలుసు."

పని చాలా రోజులే పట్టింది. చచ్చిపోయిన ఇంకో కారులోంచి అంతగా అరగని స్టీరింగు బాక్సు తెచ్చాడు. టైర్లను కలిపే రాడ్ల చివర గుండ్రటి కీళ్ళన్నీ కొత్తవి వేశాడు. ముందు చక్రాలు ఏ పిన్నుల మీద తిరుగుతాయో ఆ పిన్నులకు పక్క సందులో లేతు మిషనున్నాయన చేత కంచు బుష్‌లు, అంటే చుట్టూ పట్టే తొడుగులు, చేయించి, చేత్తో కొంచెం కొంచెంగా తొలిచి సరిపెట్టాడు. అత్తయ్య రోజూ మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని ఊలు అల్లుకుంటూ చూసేది. ఒకరోజు ఆయన పాత పిన్ను ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద గోరుతో గీసి చూస్తే, అరిగిన చోట మెట్టులా తగిలింది.

"ఇంత ఇనుమూ అరిగిపోయిందా?"

"గ్రీజు లేకపోతే ఇనుమైనా అంతేనమ్మగారూ. ఇవిగో, మొలకల్లా పొడుచుకొచ్చిన ఈ చిన్న గొట్టాల్లోంచి ఎప్పటికప్పుడు గ్రీజు కొట్టించాలి."

"ఆయనున్నప్పుడు కొట్టించేవారేమో. నాకెవరూ చెప్పలేదు" అంది. ఆ పిన్నును రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకుంది.

స్టీరింగు పైభాగాన ఆమె ఎప్పుడో ఎర్ర ఊలు ముక్క కట్టుకుంది. అది ఒకవైపుకు వాలి ఉంటే టైర్లు నేరుగా ఉన్నట్టు లెక్క. మేస్త్రీ అన్నీ బిగించి, స్టీరింగు సరిగ్గా నడిమికి తెచ్చి, ఆ ఊలు విప్పి ఆమె చేతికిచ్చేశాడు. "ఇక దీంతో పనిలేదమ్మగారూ." ఆ వీధిలో తనే ఒక చుట్టు తిప్పి తెచ్చి, మా ఆయనకు తాళమిచ్చాడు. మా ఆయన ఇంటిదాకా తోలి, "ఒక్క వేలితో తిప్పొచ్చు!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. అత్తయ్య వెనక సీట్లో కూర్చుని, రాణీగారిలా కిటికీలోంచి చూస్తూ వచ్చింది.

ఆ గురువారం ఆమె పొద్దున్నే తయారైంది. మంచి చీర కట్టుకుంది. మా ఆయన ఒక పూట సెలవు పెట్టి పక్కన కూర్చున్నాడు, నేను వెనక. గేటు దాటి వీధిలోకి రాగానే బోషాణం తాగినవాడిలా నడవడం మొదలుపెట్టింది. ఇటు వెళ్తోంది, అటు వస్తోంది. వెనకనుంచి ఎవడో హారన్ కొట్టాడు. మా ఆయన తన సీటు అంచు పట్టుకున్నాడు. వీధి చివర మలుపు తిరుగుతుంటే ముందు చక్రం పేవ్‌మెంటెక్కి, ధబ్బున దిగింది. ఒక ముసలాయన గోడకు అతుక్కుపోయాడు.

"ఆపమ్మా! ఆపు!"

అత్తయ్య ఆపింది. మెడ మీద చెమట పట్టేసింది. "ఇంటికి పోదాంరా" అంది మెల్లగా. ఎలాగో తిప్పుకుని వచ్చింది. గేట్లోకి మళ్ళేటప్పుడు కుడి స్తంభానికి బంపరు తగిలింది. పక్కనున్న నా గులాబీ కుండీ పగిలింది. కారు సగం వీధిలో, సగం గేట్లో ఆగిపోయింది.

ఆమె దిగి లోపలికెళ్ళి, తాళంచెవి ఫ్రిజ్ మీద పెట్టింది. అది ఆమె స్థలం కాదు. ఆమె తాళంచెవి ఎప్పుడూ ఆమె సంచిలోనే ఉంటుంది.

"బండి బాగానే ఉందిరా. నాకే బాగాలేదు" అంది కొడుకుతో. "మేస్త్రీ తోల్తే బాగుంది, నువ్వు తోల్తే బాగుంది. ఇంకేముందీ. మీ ఆఫీసులో ఆయనెవరో, తీసుకెళ్ళమను."

మా ఆయన గెలిచాడు గానీ మొహంలో ఆ కళ లేదు.

ఫోను మోగింది. పెద్దత్తయ్య. ఆవిడ గొంతు పక్కగదిలోకి కూడా వినిపిస్తుంది. "ఏమే, ఇంకా బయల్దేరలేదా? చెప్పులేసుకుని వాకిట్లో కూర్చున్నా. వచ్చేపోయే వాళ్ళంతా ఎక్కడికి ఎక్కడికి అని ఒకటే అడగడం."

"బండి ఇంకా మేస్త్రీ దగ్గరే ఉందక్కా" అంది అత్తయ్య. "చెప్పులు విప్పేసెయ్."

ఫోను పెట్టేసి, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. ఈనెలు తీస్తోంది గానీ, తీసిన ఈనెలు గిన్నెలోనూ, కాయలు చెత్తలోనూ వేస్తోంది.

బయట ఎవరో కారు అడ్డం తియ్యమని కేకేశారు. మా ఆయన చీపురు పట్టుకుని కుండీ పెంకులు ఊడుస్తున్నాడు. "ఏమోయ్, నువ్వు లోపల పెట్టు" అన్నాడు. ఫ్రిజ్ మీంచి తాళంచెవి తీసుకుని వెళ్ళాను. వెనక్కి తీసి, నేరుగా చేసుకుని, ఎప్పట్లాగే గేట్లోకి తిప్పాను.

ధడ్.

అదే స్తంభం. అదే చోటు. బంపరు మీద మొదటి సొట్టలోనే రెండో సొట్ట కూర్చుంది. మా ఆయన చీపురుతో సహా పక్కకు గెంతాడు.

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. ఎప్పుడూ తిప్పినట్టే తిప్పాను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నేనే ఆగిపోయాను. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ముందు వదులు లాక్కుని, తర్వాత తిప్పాను. లాక్కోవడానికి అక్కడ వదులు లేదు. ఆ లాగుడు కూడా తిప్పుడైపోయింది. కుట్టుమిషనుకు సాగిపోయిన బెల్టు తీసేసి కొత్తది వేయించినప్పుడు కూడా ఇలాగే అయింది. కాలు పాత బెల్టుకే తొక్కుతుంటే, వరసగా సూదులు విరిచాను. మిషను బాగుపడింది, నాకు పిచ్చెక్కిందనుకున్నాను.

"మీరు తోలండి" అన్నాను.

ఆయన ఎక్కి వెనక్కి తీసి, నీళ్ళు తాగినంత తేలిగ్గా గేట్లోకి తెచ్చి పెట్టాడు.

"చూశారా. మీ చేతులు వేరే కార్లో నేర్చుకున్నాయి. మా చేతులు ఇందులో నేర్చుకున్నాయి. బండి మారింది, మాకు చెప్పలేదు."

"అంటే మీరిద్దరూ తోలకూడదన్నమాట" అన్నాడు ఆఫీసు గొంతుతో.

"ఆ సంగతి తర్వాత. మీ అమ్మకు ముసలితనం వచ్చిందని కదా కారు అమ్ముతున్నారు. మరి నాకేమొచ్చింది? నేనూ ముసలిదాన్నయ్యానా? బాగా ఆలోచించి చెప్పండి."

ఆయన చీపురు గోడకు ఆనించాడు. "ఇప్పుడు నేనేం మాట్లాడినా తప్పే" అన్నాడు.

"మాట్లాడకండి. లోపలికెళ్ళి చెప్పండి."

ఆయన వెళ్ళి చిక్కుడుకాయల పళ్ళెం ముందు గొంతుక్కూర్చున్నాడు, నేను గుమ్మంలో నిలబడ్డాను. "అమ్మా. నీ కోడలు కూడా గుద్దింది."

అత్తయ్య తలెత్తింది. "దెబ్బ తగిలిందా?"

"తగల్లేదు."

"ఎక్కడ గుద్దింది?"

"నువ్వు గుద్దిన చోటే."

ఆమె నా వైపు చూసింది. నేను గాలిలో ఆమెలాగే వదులు లాక్కుని తిప్పి చూపించాను. ఒక్క క్షణం అలాగే చూసి, తన రెండు చేతులూ ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అవెవరివో అన్నట్టు. తర్వాత నవ్వు మొదలైంది. కాయలు ఒళ్ళోంచి దొర్లిపోయేదాకా నవ్వింది.

"నేను నేర్పిందే కదరా పాపం" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత శ్రద్ధగా నేర్చుకుందో చూడు, వేలెడు తేడా లేదు." ఆ నవ్వు ఆగాక, ఇంకో గొంతుతో అడిగింది. "మరి కళ్ళు కాదంటావా? వయసు కాదంటావా?"

"తెలీదమ్మా" అన్నాడాయన నిజాయితీగా. "చూద్దాం. నేర్చుకుంటే తెలుస్తుంది."

"ఎవరు నేర్పుతారు?"

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఊపి చూపించాడు.

కూరగాయల మార్కెట్టుకు సెలవు రోజున దాని వెనక మైదానం ఖాళీగా ఉంటుంది. బళ్ళు నిలపడానికి నేల మీద తెల్ల గీతలు గీసి ఉన్నాయి. ఆ గీత వెంటే పోవాలన్నాడు మా ఆయన. నేను ఒక పక్కన నా వంతు కోసం నిలబడ్డాను.

"చేతులు కదపకు. గట్టిగా కాదమ్మా, ఊరికే పట్టుకో. ఏమీ చెయ్యకు."

"ఏమీ చెయ్యకుండా ఎలా తోల్తార్రా? కారా, కుర్చీనా?"

"దారి నేరుగా ఉంటే ఏమీ చెయ్యక్కర్లేదమ్మా. అందరూ అలాగే తోల్తారు."

"ఇంత సుఖంగానా?" అంది ఆవిడ నమ్మలేనట్టు. మళ్ళీ చేతులు ఊగాయి. కారు మెలిక తిరిగింది.

"అమ్మా!"

"అరవకురా! అరిస్తే ఇంకా ఊగుతాయి."

"నాకు సైకిలు నేర్పినప్పుడు నువ్వెంత అరిచావో గుర్తుందా?"

"నువ్వు డ్రైనేజీలో పడ్డావుగా మరి. నేనింకా పడలేదు."

మలుపులు ఇంకా కష్టమయ్యాయి. ఒకసారి తిప్పేముందు ఆగి, "చెయ్యి, బండి, రెండూ ఒకేసారి" అని తనలో తను అనుకుని తిప్పింది. బోషాణం ఎక్కడికి చెప్తే అక్కడికి వెళ్ళింది. ఆమె బ్రేకు తొక్కి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అమ్మాయ్, విందే! మొదటి మాటకే విందే!" అని నన్ను పిలిచి చెప్పింది. ఆ మైదానానికి ఇంకా చాలాసార్లు వెళ్ళాం. నేను ఆమెకంటే ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ సంగతి ఆమె పాలవాడితో సహా అందరికీ చెప్పింది.

మైదానంలో బాగానే తోలుతోందని, ఇక పరీక్ష అక్కర్లేదనబోయాడు మా ఆయన. ఆమె ఒప్పుకోలేదు. "మాటంటే మాటే. నా మీద జాలితో ఇస్తే నాకొద్దు."

కాబట్టి మళ్ళీ ఒక గురువారం. ఈసారి మామూలు చీరే కట్టుకుంది. వీధి చివర మలుపు తిరిగింది. ఆ ముసలాయన ఆ వేళకూ అక్కడే ఉన్నాడు, కారును చూడగానే గోడకు అతుక్కున్నాడు. అత్తయ్య ఆయనకు తలూపి దూరంగా తప్పుకుని వెళ్ళింది. వంతెన నేరుగా ఉంటుంది. వెనక సీట్లోంచి ఆమె చేతులు చూస్తూ కూర్చున్నాను. వేళ్ళు ఊపడానికి కదలబోతాయి. ఆమె బొటనవేళ్ళు గట్టిగా నొక్కి పట్టి ఆపుతుంది. మళ్ళీ కదలబోతాయి. మళ్ళీ ఆపుతుంది. మా ఆయన సీటు అంచు పట్టుకోలేదు. పట్టుకోకుండా చేతులు కట్టుకున్నాడు.

పెద్దత్తయ్య చెప్పులేసుకుని వాకిట్లోనే ఉంది. మా ఆయన దిగి ముందు సీటు ఇచ్చి, నా పక్కకు వచ్చాడు. ఆవిడ వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు లోపలికి తిప్పుకుని, తలుపు వేసుకుంది. ఆ బోషాణం చప్పుడు విని, "హమ్మయ్య" అంది.

ఏటి ఒడ్డు రోడ్డు మీదికి రాకముందే మా ఆయన, "అమ్మా, ఇక్కడ ఆపు. ఈ సందులోంచి ఆఫీసుకు దగ్గర. నడిచిపోతాను" అన్నాడు.

అత్తయ్య పక్కకు తీసి ఆపింది. అద్దంలో కొడుకును చూసింది. "తిరుగు ప్రయాణం చూడకుండా దిగిపోతావేంరా? ఒప్పందం వెళ్ళి రావడం వరకు కదా?"

"చూసింది చాలమ్మా. పని ఉంది."

"పూట సెలవు పెట్టావుగా?"

"పెట్టాను" అన్నాడాయన, దిగి తలుపు వేస్తూ. అది మొదటిసారికి పడలేదు. రెండోసారి గట్టిగా వేసి, కారు పైకప్పు మీద అరచేత్తో ఒక్కటి చరిచి, వెనక్కి చూడకుండా సందులోకి వెళ్ళిపోయాడు.

"ఏమిటే వాడి గోల?" అంది పెద్దత్తయ్య.

"ఏం లేదక్కా. కారు చూద్దామని వచ్చాడు."

కాస్త దూరం వెళ్ళాం. ఏటి మీంచి గాలి వస్తోంది. పెద్దత్తయ్య సీట్లో ఇటు సర్దుకుంది, అటు సర్దుకుంది. చివరికి చెల్లెలి చేతుల వైపు చూసి, "ఇవాళ ఉయ్యాల ఊపడం లేదేమే?" అని అడిగింది.

"మానేశాను."

"మరి నాకు నిద్రెలా పడుతుంది? నీ కారెక్కితే ఈ మలుపు దగ్గరికొచ్చేసరికి కన్ను మూతపడేది."

"మేలుకుని ఏరు చూడు. ఎన్నిసార్లు తీసుకొచ్చినా ఎప్పుడైనా చూశావా?"

"చూస్తాలే" అంది పెద్దత్తయ్య. కిటికీ అద్దం ఇంకాస్త దించుకుని, తల వెనక్కి ఆనించి, ఏటి వైపు తిరిగింది. అత్తయ్య రెండు చేతులూ స్టీరింగు మీద కదలకుండా ఉన్నాయి. ఐస్‌క్రీం బండి కనిపించేసరికి ముందు సీట్లోంచి గురక వినిపించింది.